కలరా వ్యాధి: ఆరోగ్యశాఖా విద్యార్థులకును, పురపాలక, తాలూకా ఉద్యోగులకును ఉపయోగించు పాఠము

వాంతిభేది యనియు, మరిడి యనియు జనులు వ్యవహరించు కలరా వ్యాధి వైద్యులకు మాత్రమే సంబంధించినది గాదు. ఇది నీటివలన వచ్చు వ్యాధి. పట్టణములయందలి నీరు పురపాలక సంఘముల చేతిలోను, గ్రామములయందలి బావులు, చెఱువులు తాలూకా లేక మండలోద్యోగుల పర్యవేక్షణలోను ఉండును గావున, దీని వ్యాప్తి వైద్యశాలకంటె ముందుగా కచేరీకి సంబంధించిన విషయమగుచున్నది. ఆరోగ్యశిక్షణ పొందు విద్యార్థులకు మొదట నేర్పవలసిన పాఠములలో ఇది యొకటి. ఉద్యోగులును దీనిని చదివినయెడల, ఆ విద్యార్థులు పిమ్మట పనిలో జేరి, బ్లీచింగు పొడి కొఱకో, ఉప్పు పొట్లముల కొఱకో తమ యొద్దకు వచ్చినప్పుడు, వారు ఏల యడుగుచున్నారో తెలిసికొనగలరు.

పేరును గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. ప్రాచీన వైద్యగ్రంథములయందు విసూచిక యను రోగము వర్ణింపబడినది. సూదులతో బొడిచినట్లు కడుపున బాధ కలుగునని ఆ మాటయొక్క భావము. నేటి కలరాకు ఆ పేరు పెట్టి వ్రాయుట వాడుకలో గలదు గాని, రెండును ఒకటే యని తొందరపడి నిర్ణయింపరాదు. కలరాయందు కడుపునొప్పి ప్రధాన లక్షణము కాదు. నొప్పి గాని, జ్వరము గాని అంతగా లేకయే నీళ్లవలె విరేచనములగుట దీని గుఱుతు. పేరును బట్టి రోగమును బోల్చుకొనబోయిన విద్యార్థి కొన్ని వేళల మోసపోవును.

వ్యాధికి కారణము

కలరాకు కారణము విబ్రియో కలరే యను సూక్ష్మజీవి. ఇది కామా చిహ్నమువలె కొంచెము వంగి, ఒక కొనయందు తోకవంటి తంతువును గలిగి, దాని సాయముచే నీటియందు మిక్కిలి చురుకుగా సంచరించును. 1854లో ఫ్లారెన్సు నగరమున ఫిలిప్పో పచీని యను శాస్త్రజ్ఞుడు కలరాచే మృతినొందినవారి ప్రేగులయందు దీనిని సూక్ష్మదర్శినిలో జూచి ప్రకటించెను. ఆ కాలమున దానిని ఎవరును లక్ష్యపెట్టలేదు. 1883లో రాబర్టు కాక్ అను జర్మను వైద్యుడు మొదట ఈజిప్టుకును, అటనుండి కలకత్తాకును వచ్చి, రోగుల ప్రేగులనుండియే గాక ఆ నగరమందలి యొక చెఱువు నీటినుండియు ఈ సూక్ష్మజీవిని వెలికిదీసెను. ఆ చెఱువు చుట్టును నివసించువారు దానిలోనే స్నానము చేయుచు, బట్టలుతుకుచు, ఆ నీటినే త్రాగుచుండిరి. కాక్ పండితుడు చూచిన ఆ చెఱువునకు సాటియైన వానిని వెదకుటకు ఉద్యోగులు కలకత్తా పోనక్కరలేదు.

సూక్ష్మజీవి యెట్టిదో తెలియకమునుపే అది యేదారిని వచ్చుచున్నదో కనిపెట్టిన ఖ్యాతి లండను నగరవాసియగు జాన్ స్నో యను వైద్యునిది. 1854వ సంవత్సరమున ఆ నగరమందలి బ్రాడ్ వీథిలో పది దినములలో సుమారు 500 మంది కలరాచే మృతినొందిరి. చెడుగాలి సోకుటచే ఈ వ్యాధి వచ్చునని నాటి వైద్యులలో బెక్కుమంది నమ్మకము. స్నో ఇల్లిల్లు తిరిగి, చనిపోయినవారు ఏ నీరు త్రాగిరని విచారించెను. చనిపోయినవారిలో మిక్కిలి యధికసంఖ్యాకులు ఆ వీథిలోని చేతిపంపు నీటిని వాడినవారే యని తేలెను. అదే వీథియందలి సారాయి బట్టీలో పనిచేయువారు తమ యజమాని యిచ్చు బీరు త్రాగుచు పంపు నీటి జోలికి పోలేదు. వారిలో కలరా మరణములు లేవు. దూరమున హాంప్‌స్టెడ్ అను ప్రదేశమున నివసించు ఒక వృద్ధురాలు మాత్రము, ఆ నీటి రుచికి అలవాటుపడి, దినదినము ఆ పంపు నీటినే బండిపై దెప్పించుకొని త్రాగి మృతినొందెను. సెప్టెంబరు 8వ తేదీన ఆ పంపుయొక్క పిడి తొలగింపబడెను. అప్పటికే వ్యాధి తగ్గుముఖమున నున్నదని స్నోయే వ్రాసియున్నాడు. ఈ సంగతిని విద్యార్థులకు దాచక చెప్పుట మంచిది. పిడి తొలగించుటకంటె ఇల్లిల్లు తిరిగి యడుగుటయే ఆయన చేసిన పనిలో ముఖ్యము.

పురపాలక సంఘములవారు జ్ఞాపకముంచుకొనదగిన మఱియొక యుదాహరణము జర్మనీదేశపు హాంబర్గు నగరమునకు సంబంధించినది. హాంబర్గు, ఆల్టోనా యను రెండు పట్టణములు ఒకదానికొకటి ఆనుకొని యుండెను. రెండును ఎల్బ నదీజలమునే వాడుచుండెను. ఆల్టోనా పట్టణమువారు ఆ నీటిని ఇసుకపొరలగుండ వడగట్టుచుండిరి. హాంబర్గు నగరమువారు ఖర్చునకు వెనుదీసి యేండ్లకొలది తర్కించుచు వడగట్టక యిచ్చుచుండిరి. 1892లో కలరా వచ్చినప్పుడు హాంబర్గులో 8,000 మందికి మించి మృతినొందిరి. సరిహద్దు వీథిలో ఒక ప్రక్క యిండ్లలో కలరా యుండగా ఎదుటి ప్రక్క యిండ్లలో లేకుండెను. గాలి ఒకటే, నేల ఒకటే, జనులు ఒకే తీరువారు. నీటిగొట్టము మాత్రమే వేఱు.

దేహమున జరుగు మార్పు

కలరా సూక్ష్మజీవి నోటిద్వారా తప్ప మఱియొక మార్గమున దేహమును జొరదు. రోగి మలముతో గలిసిన నీరు, ఆ నీట గడిగిన కూరలు, పండ్లు, మూతలేని పదార్థములు, శుభ్రము చేసికొనని చేతులు దీనికి వాహనములు. మ్రింగబడిన సూక్ష్మజీవులలో బెక్కింటిని జీర్ణకోశమందలి ఆమ్లరసము చంపును. తప్పించుకొన్నవి చిన్నప్రేగునకు జేరి, దాని లోపొరను అంటిపట్టుకొని వృద్ధిబొందును. వ్యాధి సోకిన కొన్ని గంటలు మొదలు 5 దినములలోపల లక్షణములు కనబడును.

ఇక్కడ విద్యార్థులు సామాన్యముగా పొరబడుదురు. ఈ సూక్ష్మజీవి ప్రేగును కొఱికి పుండు చేయునని గాని, రక్తమున గలిసి దేహమంతటను వ్యాపించునని గాని తలంపరాదు. అది ప్రేగునందే యుండి ఒక విషమును వెలువరించును. ఈ విషమును 1959లో కలకత్తా నగరమున శంభునాథ్ దే యను బంగాళీ శాస్త్రజ్ఞుడు నిరూపించెను. సూక్ష్మజీవులను పూర్తిగా వడగట్టి తీసివేసిన ద్రవమును కుందేటి ప్రేగునందు ప్రవేశపెట్టగా, సూక్ష్మజీవి యొకటియు లేకున్నను ఆ ప్రేగు నీటితో నిండి యుబ్బెను. కాక్ సూక్ష్మజీవిని కనుగొన్న 75 సంవత్సరములకు గాని అది యెట్లు చంపునో తెలియలేదన్నమాట. అట్టి గొప్ప పరిశోధన చేసిన యీ వైద్యునకు జీవితకాలమున రావలసినంత కీర్తి రాలేదు.

ఆ విషము చేయు పని యిది. ప్రేగుగోడయందలి కణములకు ఉప్పును లోపలికిని వెలుపలికిని పంపు ద్వారములవంటివి గలవు. విషము సోకిన కణమునందు ఉప్పును వెలికి విడుచు ద్వారము తెఱువబడి మూతపడకుండును. ఉప్పు వెడలిన చోటికి నీరు వెంబడించును. రక్తమందలి నీరును, ఉప్పులును ఈ రీతిగా ప్రేగులోనికి జాఱి, అటనుండి బియ్యపుకడుగువంటి విరేచనములుగా వెలువడును. తీవ్రముగా నున్నప్పుడు పెద్దవానికి గంటకు సుమారొక లీటరు వఱకు పోవుట కలదు. 50 కిలోల బరువుగల మనుష్యునకు 5 లీటర్లు పోయినయెడల ప్రాణాపాయము. ఉదయమున ఆరోగ్యముగ పొలమునకు బోయినవాడు సాయంకాలమునకు మృతినొందుటకు కారణమిదియే. రోగి చనిపోవునది సూక్ష్మజీవివలన గాదు, నీరును ఉప్పును లేక యెండిపోవుటవలన.

మఱియొక సంగతి గలదు. దానిమీదనే చికిత్సయంతయు ఆధారపడియున్నది. ప్రేగునకు ఉప్పును లోపలికి దీసికొను ద్వారము వేఱొకటి గలదు. అది చక్కెరతో జోడుగా వచ్చిన ఉప్పును మాత్రమే స్వీకరించును. ఉప్పు వెంట నీరును లోపలికి వచ్చును. కలరా విషము ఈ రెండవ ద్వారమును చెఱుపజాలదు. ఉప్పును చక్కెరయు ఇట్లు జంటగా ప్రయాణము చేయునని 1960లో రాబర్టు క్రేన్ అను శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించెను. కావున ఉత్త నీరు త్రావించిన చాలదు. ఉత్త ఉప్పునీరు త్రావించినను చాలదు. చక్కెరను ఉప్పును తగుపాళ్లలో గలిపిన నీరు త్రావించినయెడల, ఒక ప్రక్క విరేచనములగుచున్నను, మఱియొక ప్రక్క దేహము నీటిని గ్రహించుచునే యుండును.

రోగికి నీరియ్యరాదను అపోహ

నీరు త్రాగినకొలది విరేచనములధికమగును గావున కలరా రోగికి నీరియ్యరాదను నమ్మకము చిరకాలమునుండి యనేక గృహములయందు గలదు. దాహము దాహమని రోగి మొఱపెట్టుచుండగా, తల్లియే ప్రేమచేత నీటికుండను దూరముగ బెట్టించుట యీ వ్యాధియందలి మిక్కిలి దుఃఖకరమైన సంగతి. ఇది మనదేశపు పామరుల మూఢత్వమని తలంపనక్కరలేదు. పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపా వైద్యులలో బెక్కుమంది కలరా రోగులకు నెత్తురు దీయుచు, విరేచనౌషధములిచ్చుచు, ఉన్న నీటినిగూడ పోగొట్టిరి. 1832లోనే థామస్ లాట్టా యను స్కాట్లండు వైద్యుడు ఉప్పునీటిని రక్తనాళములోనికి ఎక్కించి కొందఱిని బ్రదికించెను గాని, ఆయన మార్గము మఱవబడెను. ఇరువదవ శతాబ్దారంభమున కలకత్తాలో లియొనార్డు రోజర్సు దానిని మెఱుగుపఱచి మరణములను చాలవఱకు తగ్గించెను.

రక్తనాళమున నెక్కించుటకు సూదులు, సీసాలు, నేర్పరులు కావలెను. కలరా వచ్చు చోటులలో ఆ మూడును దొరకవు. నోటితో త్రావించు చికిత్సను 1953లో కలకత్తాలో హేమేంద్రనాథ్ చటర్జీ 186 మంది రోగులయందు ప్రయోగించి ప్రకటించెను. 1968లో ఢాకా నగరమున నాలిన్, కాష్ అను వైద్యులు త్రాగు ద్రావణము తీవ్రరోగులకును పనికివచ్చునని కొలతలతో నిరూపించిరి. అయినను వైద్యలోకమున సందేహము తీఱలేదు. 1971లో తూర్పు బంగాళమునుండి లక్షలకొలది శరణార్థులు పశ్చిమ బంగాళమునకు వచ్చినప్పుడు, సరిహద్దునగల బొంగావ్ శిబిరమున కలరా ప్రబలెను. అచటి వైద్యశాలలో రోగులు నేలపై మలమూత్రములలో పడియుండిరి. ఎక్కించుటకు ద్రవము కొలదిదినములలో నిండుకొనుచుండెను. దిలీప్ మహలనబీస్ అను వైద్యుడు కలకత్తాలో ఉప్పు, సోడా, గ్లూకోజు తూచి పొట్లములు కట్టించి, శిబిరమునకు దెప్పించి, పీపాలలో నీటితో గలిపించి, రోగుల బంధువులచేతనే గ్లాసులతో త్రావింపజేసెను. అనుమతుల కొఱకును, ఋజువుల కొఱకును వేచియుండుటకు వ్యవధి లేకుండెను. అంతకుముందు నూటికి 30 వఱకు నున్న మరణములు ఆయన పర్యవేక్షణలోని రోగులలో నూటికి 3.6కు దిగెను. ఆ గ్లాసులు పట్టినవారిలో అత్యధికులు చదువుకొననివారు. సంచి మీది కొలత తెలిసినచో రోగి తల్లియే వైద్యసహాయకురాలగునని లోకమునకు తెలిసినది ఆ శిబిరమున.

రోగపరీక్షయు చికిత్సయు

ఆరోగ్యకార్యకర్త రోగిని చూడగనే దేహమున నీరెంత తఱిగినదో యంచనా వేయవలెను. కన్నులు గుంటలుపడుట, నోరెండుట, తీరని దాహము, పొట్టమీది చర్మమును చిటికెతో పట్టి విడిచినప్పుడు వెంటనే చదునుగాక మెల్లగ దిగుట, ఇవి నీరు తఱిగిన గుఱుతులు. చర్మము రెండు సెకండ్లకు మించి నిలిచియున్నను, రోగి మత్తుగానున్నను, త్రాగలేకున్నను, నాడి యందకున్నను అపాయస్థితి. అప్పుడు గొంతు బొంగురుపడును, పిక్కలు పట్టుకొనిపోవును, చేతివ్రేళ్లు చాలసేపు నీట నానినట్లు ముడుతలు పడును, మూత్రము ఆగిపోవును.

అపాయస్థితికి రాని రోగికి త్రాగు ద్రావణమే చికిత్స. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు 2002లో నిర్ణయించిన పొట్లమునందు ఒక లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాసియము క్లోరైడు 1.5 గ్రాములు, ట్రైసోడియము సిట్రేటు 2.9 గ్రాములు ఉండును. పొట్లమును పూర్తిగ ఒక లీటరు శుభ్రమైన నీటిలోనే కలుపవలెను. చిన్న గ్లాసులో సగము పొట్లము కలుపుట, రుచికొఱకు మఱింత చక్కెర చేర్చుట హానికరము. కలిపిన నీటిని 24 గంటలకు మించి నిలువయుంచరాదు. దేహపు బరువు కిలో ఒకటికి 75 మిల్లీలీటర్ల చొప్పున మొదటి 4 గంటలలో త్రావింపవలెను. అనగా 50 కిలోల మనుష్యునకు పౌనేనాలుగు లీటర్లు. వాంతియైనచో పది నిమిషములాగి, చెంచా చెంచాగ మరల మొదలుపెట్టవలెను. చంటిబిడ్డకు తల్లిపాలు మానిపింపరాదు. పొట్లము దొరకనిచోట, ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో చెంచాలతో సమముగ కొలిచి ఆఱు టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు కలిపి యియ్యవచ్చును. ఉప్పు వేసిన పలుచని గంజియు మంచిదే. అది దొరకని యిల్లు తెలుగుదేశమున లేదు. రోగిని వైద్యశాలకు బండిపై తరలించునప్పుడును ఈ పానము ఆపరాదు.

అపాయస్థితి యందున్నవానికి రింగర్ లాక్టేటు అను ద్రవమును కిలో ఒకటికి 100 మిల్లీలీటర్ల చొప్పున రక్తనాళమునందు ఎక్కింపవలెను. సంవత్సరము దాటినవారికి ఇందులో 30 మిల్లీలీటర్లు మొదటి అరగంటలోను, తక్కిన 70 పిమ్మటి రెండున్నర గంటలలోను పోవలెను. సంవత్సరములోపు శిశువులకు ఇదే పరిమాణమును 6 గంటలలో మెల్లగ నియ్యవలెను. 50 కిలోల రోగికి మూడు గంటలలో 5 లీటర్లనగా, అరలీటరు సీసాలు పది. వైద్యసామగ్రి కొనుగోలుచేయు ఉద్యోగి ఈ లెక్కను చూడవలెను. ఇరువదిమంది రోగులకు ఇరువది సీసాలు తెప్పించి, ఒక్కొక్కరికి ఒక్కటి సరిపోవునని సంతృప్తిపడుట ఎఱుగక చేయు హత్యవంటిది. ఉత్త గ్లూకోజు ద్రవము చౌకయని కొనుటయు ప్రయోజనము లేని పని. అందు రోగికి కావలసిన ఉప్పు లేదు.

తీవ్రరోగులకు వైద్యుని సలహాపై డాక్సీసైక్లిను వంటి మందులిచ్చినచో విరేచనముల కాలము తగ్గును. పిల్లలకు జింకు మాత్రలు 10 మొదలు 14 దినములియ్యవలెను. ఆఱు నెలలలోపువారికి దినమునకు 10, ఆ పైవారికి 20 మిల్లీగ్రాములు. ఇవి సహాయకములేగాని నీటికి బదులు కావు. చికిత్స లేనిచో తీవ్రరోగులలో సగమువఱకు మృతినొందుదురు. సరియైన కాలమున నీరందినయెడల నూటికి ఒక్కడైనను చనిపోరాదు. ఒక వైద్యశాలలో నూటికి ఒకటికి మించి మరణములు కనబడినచో, అది వ్యాధి తీవ్రతవలన నని వ్రాయక, రోగులు ఎంత ఆలస్యముగ వచ్చుచున్నారో, నీరెంత ఆలస్యముగ నియ్యబడుచున్నదో విచారింపవలెను.

బావుల శుద్ధి

ఇది పూర్తిగ ఉద్యోగుల పని. బావినీటిని క్లోరినుతో శుద్ధిచేయుటకు బ్లీచింగు పొడి వాడుదురు. క్రొత్త పొడియందు నూటికి సుమారు 33 పాళ్లు పనికివచ్చు క్లోరిను ఉండును. సామాన్యకాలమున 1,000 లీటర్లకు రెండున్నర గ్రాముల పొడి చాలును. బావియందలి నీటి పరిమాణము తెలిసికొనుటకు, బావి అడ్డుకొలతను మీటర్లలో గొలిచి దానిచేతనే హెచ్చవేసి, నీటి లోతుచే మరల హెచ్చవేసి, ఆ మొత్తమును 3.14చే హెచ్చించి 4చే భాగింపవలెను. వచ్చినది ఘనమీటర్లు, 1,000చే హెచ్చించినచో లీటర్లు. అడ్డుకొలత 3 మీటర్లు, నీటి లోతు 4 మీటర్లు గల బావిలో 28,260 లీటర్ల నీరుండును. దానికి 71 గ్రాముల పొడి కావలెను.

పొడిని నేరుగ బావిలో జల్లుట అలవాటుగ నున్నది. అది తప్పు. పొడిని బకెట్టులో కొంచెము నీటితో మెత్తగ కలిపి, పిమ్మట ముప్పాతిక బకెట్టు నీరు పోసి, ఐదు పది నిమిషములు కదలింపక యుంచవలెను. సున్నము అడుగునకు దిగిన పిదప పైనున్న తేఱిన నీటిని మఱియొక బకెట్టులోనికి వంచి, త్రాటితో బావిలోనికి దింపి, నీటిలో పైకి క్రిందికి త్రిప్పుచు కలుపవలెను. అడుగు సున్నమును బావిలో పోయరాదు. గంటసేపు ఆ నీటిని ఎవరును తోడరాదు. గావున జనులు నీరు తోడుట ముగించిన రాత్రివేళ ఈ పనికి తగినది. గంట గడచిన పిమ్మట పరీక్షింపగా లీటరుకు అర మిల్లీగ్రాము క్లోరిను మిగిలియుండవలెను. మిగులనియెడల మరల వేయవలెను. కలరా యున్న దినములలో దినదినమును చేయవలెను.

ఇంతవఱకు పుస్తకములలో నున్నదే. ఆచరణలో వచ్చు చిక్కు వేఱు. బ్లీచింగు పొడి యెండ తగిలినను, తేమ తగిలినను, మూత వదులైనను దినదినము బలహీనపడును. గత సంవత్సరము కొనిన డబ్బా గోదాము మూలనుండి తీసి వాడినచో, అందు క్లోరిను 20 పాళ్లే యుండవచ్చును. అప్పుడు పై బావికి 71 గాక 117 గ్రాములు వేయవలెను. పూర్తిగ చచ్చిన పొడియైనచో ఎంత వేసినను సున్నపుపిండియే. ఐనను రిజిస్టరులో "బావి శుద్ధిచేయబడినది" అను వ్రాత రెండు సందర్భములయందును ఒకేరీతిగ నుండును. ఆ వ్రాతను జూచి పై యుద్యోగి సంతోషించును, జనులు ధైర్యముగ ఆ నీరు త్రాగుదురు. కావున రిజిస్టరునందు ఎన్ని గ్రాములు వేయబడెనను గడికి ప్రక్కన, గంట పిమ్మట మిగిలిన క్లోరిను ఎంత యను గడి కూడ నుండవలెను. పరీక్షకు పట్టునది కొలది నిమిషములు, కొన్ని చుక్కల మందు. ఆ రెండవ గడి ఖాళీగ నున్న రిజిస్టరును తనిఖీ ఉద్యోగి శుద్ధి జరుగనట్లే యెంచుట న్యాయము.

పట్టణపు గొట్టములు

గొట్టములలో నీరు రేయింబవళ్లు ఒత్తిడితో నున్నంతకాలము వెలుపలి మురికి లోనికి రాజాలదు. దినమునకు ఒకటి రెండు గంటలు మాత్రమే నీరు విడుచు పట్టణములలో, తక్కిన కాలమున గొట్టములు ఖాళీగ నుండి, పగుళ్లగుండ ప్రక్కనున్న కాలువ మురుగును పీల్చుకొనును. నీటిశుద్ధిశాలలో పరీక్ష సరిగ నుండి, వీథి చివర కొళాయిలో నీరు విషమగుటకు కారణమిదియే. అందుచే క్లోరిను పరీక్ష శుద్ధిశాలయందే గాక వీథుల చివరి కొళాయిలయందును జరుగవలెను. రోగులు బయలుదేఱిన యిండ్లను పటముపై గుఱుతు పెట్టినచో, పగిలిన గొట్టము ఎచ్చటనున్నదో తఱచుగ ఆ గుఱుతులే చూపును. స్నో చేసిన పని ఇంతే.

వ్యాధి కనబడినప్పటి కర్తవ్యము

ఐదు సంవత్సరములకు మించిన వయస్సుగలవాడు నీళ్లవిరేచనములచే ఎండిపోయి అపాయస్థితికి వచ్చినను, మృతినొందినను, మొదట కలరాయనియే యనుమానించి, మలమును పరీక్షకు పంపి, వెంటనే పైవారికి తెలుపవలెను. కొన్ని చోటుల కలరా యను మాటను వ్రాయుటకే వెనుదీసి, అజీర్ణమనియు, సామాన్య విరేచనములనియు వ్రాయుట కలదు. ఊరికి చెడ్డపేరు వచ్చునని, జాతర ఆగిపోవునని, సంజాయిషీ యడుగబడునని భయము. ఆ భయము సహజమే. కాని దాచిన ప్రతిదినమును మఱికొన్ని బావులకు వ్యాధిని పంపుటయే యగును. మొదటి రోగిని తెలిపిన ఉద్యోగిని సంజాయిషీ యడుగుట మానినయెడల, రెండవ ఊరి ఉద్యోగి దాచకుండును.

పూర్వము ఊరి పొలిమేరలు మూయించుట, బాటసారులను నిర్బంధించుట వాడుకగ నుండెను. 1961లో సెలెబెస్ దీవినుండి బయలుదేఱి, 1964లో మద్రాసునకు వచ్చి వ్యాపించిన ఎల్టార్ రకపు కలరా విషయమున ఇది వ్యర్థము. ఈ రకము సోకినవారిలో బెక్కుమందికి లక్షణములే యుండవు. వారు ఆరోగ్యవంతులవలె తిరుగుచు కొన్ని దినములు సూక్ష్మజీవులను మలమున విడుచుచుందురు. వారిని ఏ కాపలావాడును గుఱుతింపలేడు. ఊరివారికందఱికి మందుబిళ్లలు పంచుటయు మేలు చేయదు. మందునకు లొంగని సూక్ష్మజీవులు పుట్టుటకు తోడ్పడును.

టీకా విషయము. 1894లో హాఫ్కిన్ పండితుడు కలకత్తాలో సూదిటీకాను వేసి పరీక్షించెను. నోటిద్వారా ఇచ్చు టీకాలు పిమ్మట వచ్చినవి. వానిలో ఒకదానిని హైదరాబాదునందలి శాంతా బయోటెక్నిక్స్ వారు తయారుచేయగా 2009లో మనదేశమున అనుమతింపబడినది. టీకా కొంతకాలము రక్షణ నిచ్చును గాని, దానిని జూచి బావుల శుద్ధిని ఆపరాదు.

గోదావరి, విశాఖ ప్రాంతములలో మరిడమ్మ కొలువులు గల గ్రామములు అనేకములు. పూర్వము ఈ వ్యాధిచే ఊళ్లు పాడుపడిన జ్ఞాపకము ఆ పేరులలో నిలిచియున్నది. వ్యాధికాలమున మ్రొక్కులు చెల్లింపబూనినవారిని పరిహసించుట కార్యకర్తకు తగదు. పరిహసించినవాని మాట యెవరును వినరు. గుడి పెద్దలతో ముందుగ మాటలాడి, జాతరకు వచ్చువారికి క్లోరిను కలిపిన నీటితొట్లు, మఱుగుదొడ్లు, చేతులు కడుగుకొనుటకు సబ్బు ఏర్పాటుచేయించుట, ఉప్పు పొట్లములు అచటనే యుంచుట ఉచితము. మరణించినవానికి స్నానము చేయించినవారే వెంటనే వంటకు పూనుకొనుటవలన కర్మభోజనమునుండి వ్యాధి వ్యాపించిన సందర్భములు గలవు. ఆ రెండు పనులు వేఱువేఱు మనుష్యులు చేయునట్లును, చేతులు సబ్బుతో కడుగుకొనునట్లును ఇంటివారికి మెల్లగ చెప్పవలెను.

వైద్యశాలలో రోగి మంచమునకు నడుమ రంధ్రముంచి క్రింద బకెట్టు పెట్టుట మంచి పద్ధతి. బకెట్టులో ఎంత చేరినదో చూచి, ఎంత నీరు తిరిగి యియ్యవలెనో తెలిసికొనవచ్చును. ఆ బకెట్టులోని దానిని క్లోరిను నీటితో కలిపి, బావికిని కాలువకును దూరముగ గోతిలో పూడ్పింపవలెను.

చివరి రోగి కనబడిన నాటినుండి నాలుగు వారములు వరుసగ పరీక్షలు జరిగి క్రొత్త రోగి లేనప్పుడే వ్యాధి ఆగినదని ప్రకటింపవలెను. అంతవఱకు బావులకు దినశుద్ధియు, కొళాయిల పరీక్షయు సాగవలెను. మిగిలిన బ్లీచింగు పొడి డబ్బాలపై తెఱచిన తేదీని వ్రాయించి, మూతలు బిగించి, చీకటియైన పొడిగదిలో నుంచి, తిరిగి వాడునప్పుడు బలము పరీక్షించిన పిదపనే వాడవలెను.